పనికి పిలుస్తారు, ఉద్యోగానికి పిలవరు

మా పాలిటెక్నిక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక చర్చ నడిచింది. మాలో ఒకడు, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద హోదాలో ఉన్నవాడు, యాభై దాటినవాళ్ళకు ఉద్యోగాలు రావడం లేదంటే తప్పు వాళ్ళదేనని, కొత్త విద్యలు నేర్చుకోకుండా ముప్పయ్యేళ్ళ కిందటి అనుభవం చెప్పుకుంటూ తిరిగితే ఎవరు తీసుకుంటారని పొడుగాటి సందేశం పెట్టాడు. దాని కింద వరసగా నమస్కారాల బొమ్మలు పడ్డాయి. ఆ నమస్కారాలు పెట్టినవాళ్ళలో సగం మందికి ఇంకా ఉద్యోగం ఉంది. మిగతా సగం తమ సంగతి బయటపడకూడదని పెట్టి ఉంటారని నా అనుమానం. నేను జవాబు రాయబోయాను గానీ అది ఫోనులో నాలుగు ముక్కల్లో తేలే వ్యవహారంగా కనిపించలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నాకు యాభై మూడేళ్ళు. చిత్తూరు జిల్లా నుంచి డిప్లొమా పట్టుకుని మద్రాసు వచ్చినవాణ్ణి. అప్పటి నుంచి అంబత్తూరు, పాడి, తిరుముల్లైవాయల్ ప్రాంతాల్లోనే, వాహనాల విడిభాగాలు చేసే కంపెనీల నాణ్యత విభాగాల్లో పని చేశాను. 2022లో చివరి కంపెనీ చేతులు మారాక కొత్త యాజమాన్యం మాలో కొందరిని ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచి, మర్యాదగానే, రాజీనామా పెట్టమంది. పిలుపు అందిన ప్రతి ఒక్కరికీ నలభై ఎనిమిది దాటింది. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు, ఎక్కడా రాయలేదు. నా హోదా డిప్యూటీ మేనేజరు కాబట్టి అప్పటికి అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో నేను కార్మికుణ్ణి కాను. చివర చేరినవాణ్ణి ముందు పంపాలని, ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది గానీ, పర్యవేక్షణ హోదాలో నెలకు పది వేలు దాటి తీసుకునేవాళ్ళకు అవేవీ వర్తించవు. మూడు నెలల జీతం తీసుకుని బయటికి వచ్చాను.

అప్పటి నుంచి నేను ఖాళీగా కూర్చున్నది తక్కువ. మిత్రుడి వాదన తేలిపోయేది ఇక్కడే. నన్ను రోల్స్ మీద, అంటే జీతాల పట్టీలో ఉండే ఉద్యోగిగా, తీసుకోవడానికి ఒప్పుకోని కంపెనీలే, అదే పనికి, అదే బల్ల ముందు కూర్చోబెట్టడానికి, పదిహేను రోజులకో నెలకో పిలుస్తున్నాయి. నాకు పని తెలియదనుకుంటే పిలవకూడదు. తెలుసుననుకుంటే ఉద్యోగం ఇవ్వవచ్చు. పిలుస్తూనే ఇవ్వడం లేదంటే కారణం నా తెలివితేటల్లో లేదు, వేరే చోట ఉంది.

ఆడిట్ ముందు పదిహేను రోజులు

వాహనాల కంపెనీలకు సరఫరా చేయాలంటే ఐఏటీఎఫ్ 16949 అనే నాణ్యతా ప్రమాణం ధ్రువపత్రం ఉండాలని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. 2016లో అది పాత టీఎస్ ప్రమాణం స్థానంలో వచ్చింది. దానికి ఏటా ఆడిట్ ఉంటుంది. దాని మీద ఆయా కస్టమర్ల సొంత ఆడిట్లు ఉంటాయి. అరవై, డెబ్బై మందితో నడిచే ప్రెస్ షాపుల్లో, అంటే రేకును యంత్రాలతో కోసి వంచి భాగాలు చేసే చోట్ల, వీటికి కావలసిన కాగితాలను ఏడాది పొడుగునా సరిగ్గా ఉంచేవాళ్ళు ఉండరు. తేదీ దగ్గరపడ్డాక నాలాంటివాడికి ఫోను వస్తుంది.

క్రితం సారి వెళ్ళిన చోట, రెండు మిల్లీమీటర్ల రేకుతో సీటు కింద వచ్చే బ్రాకెట్లు కొడుతున్నారు. కోత అంచున మిగిలే బర్, అంటే ముల్లులాంటి గరుకు, రేకు మందంలో పదో వంతు, అంటే 0.2 మిల్లీమీటర్లు, దాటకూడదని డ్రాయింగులో ఉంది. తనిఖీ పట్టీ తీసి చూస్తే, రెండు గంటలకోసారి తీసిన కొలతలన్నీ 0.12. పొద్దున షిఫ్టులో 0.12, రాత్రి షిఫ్టులో 0.12, రేకును కోసే పంచ్ గ్రైండింగుకు ముందు రోజు 0.12, మర్నాడూ 0.12. పంచ్ అరిగేకొద్దీ బర్ పెరగాలి, సానపట్టాక తగ్గాలి. రోజంతా, వారమంతా ఒకే అంకె వచ్చిందంటే ఎవరూ కొలవలేదని అర్థం. లైను దగ్గరికి వెళ్ళి చేతి తొడుగు తీసి, బ్రాకెట్ అంచు మీద బొటనవేలిని లోపలి నుంచి బయటికి నడిపితే చర్మం పట్టుకుంది. మైక్రోమీటరు పెట్టి చూస్తే 0.27 వచ్చింది. పట్టీ నింపుతున్న కుర్రవాడిని అడిగితే, తనకు ఆ పట్టీ ఎలా నింపాలో చూపించారు గానీ ఎందుకు నింపాలో ఎవరూ చెప్పలేదన్నాడు. అతనిది అబద్ధమని నాకు అనిపించలేదు. నేర్పవలసిన మనిషి ఆ షాపులో లేడు.

ఆ కంపెనీ యజమాని కోయంబత్తూరు వైపు తెలుగువాడు. తండ్రి పెట్టిన షాపును చూసుకుంటున్న నలభై లోపు మనిషి. ఆడిట్ పెద్ద లోపాలేవీ లేకుండా ముగిసిన రోజు, సంతోషంలో ఉన్నాడు కదా అని, నన్ను రోల్స్ మీదికి తీసుకుంటే ఈ హడావిడి ఏటా ఉండదు కదా అని అడిగాను. అతను కాసేపు ఆలోచించి, "మీరు లోపల ఉంటే నాకు రాత్రి నిద్ర పడుతుంది సార్, కాదనను. కానీ వచ్చే ఏడాది ఈ ఆర్డరు ఉంటుందో ఉండదో నాకే తెలియదు. కుర్రవాళ్ళను పొమ్మనగలను, మిమ్మల్ని పొమ్మని చెప్పడానికి నాకు నోరు రాదు" అన్నాడు.

ఇంత నిజాయితీగా జవాబు చెప్పినవాళ్ళు నాకు తక్కువ. మిగతా చోట్ల "మీ అర్హతలు ఈ పోస్టుకు ఎక్కువ" అంటారు, లేదా అసలేమీ అనరు. ఒరగడం దగ్గర ఒక కంపెనీ ఇంటర్వ్యూలో, మా అమ్మాయి వయసున్న హెచ్ఆర్ అధికారి అలవాటు ప్రకారం, అయిదేళ్ళ తర్వాత మీరు ఏ స్థానంలో ఉండాలనుకుంటున్నారని అడిగింది. "రిటైరై ఉంటానమ్మా" అన్నాను. నవ్వింది, పాపం, ఆమె ప్రశ్నల పట్టికలో నా వయసువాడికి వేరే ప్రశ్న లేదు. అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో గేట్లకు వేలాడే "ఆట్కళ్ తేవై" (మనుషులు కావలెను) పలకలు ఇంకా నయం: సీఎన్‌సీ ఆపరేటరు, 18 నుంచి 30 అని వయసు సుద్దముక్కతో రాసి పెడతారు. చూసి ముందుకు నడిచిపోవచ్చు.

లెక్క వేస్తే

ఖర్చు ఎక్కువవుతుంది కాబట్టి తీసుకోరని చాలామంది అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. తర్వాత కూర్చుని లెక్క వేశాను. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, చట్టం తప్పనిసరి చేసిన పరిమితి 15,000 రూపాయల జీతం వరకే. అంటే నెలకు 1,800. గ్రాట్యుటీ ఏడాదికి పదిహేను రోజుల మూలవేతనం. గ్రూపు ఆరోగ్య బీమాకు ప్రీమియం. ఇవన్నీ కలిపినా, నాకు రోజు లెక్కన ఇచ్చే రుసుముకూ రోల్స్ మీద ఉన్నవాడి రోజు జీతానికీ ఉన్న తేడా కంటే తక్కువే. పిలిచిన రోజుల వరకు చూస్తే నేను కంపెనీకి ఖరీదైన మనిషినే. పిలవని రోజులు ఉండడమే వాళ్ళకు లాభం.

ఆ యజమాని చెప్పినది కూడా అదే. వాహనాల కంపెనీలు ఏటా ధర తగ్గించమంటాయి. డబ్బులు నెలల తరబడి ఆగుతాయి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారతదేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించి, 2022లో మరైమలై నగర్ ఫ్యాక్టరీని ఆపినప్పుడు దాన్ని నమ్ముకున్న చిన్న సరఫరాదారుల పరిస్థితి ఏమైందో ఇక్కడి వాళ్ళు మరచిపోలేదు. అంతటి అనిశ్చితిలో ఉన్న మనిషి, ఆ అనిశ్చితిలో కొంత భాగాన్ని నా మీదికి తోస్తున్నాడు. అతని మీదికి దాన్ని తోసినవాడు అతని కంటే చాలా పెద్దవాడు. ఇది అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నంత మాత్రాన నా ఇంటి అద్దె తగ్గదు.

నా వైపు లెక్క కూడా వేశాను. అందులోనూ నేను ఊహించనిది బయటపడింది. ఉద్యోగం లేకపోతే పింఛను పోతుందని మా వాళ్ళు భయపెడతారు. పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) సూత్రం, పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగించడం. ఆ జీతానికి పరిమితి 15,000. అంటే ఒక్కో ఏడాది సర్వీసు నా నెల పింఛనుకు చేర్చేది 214 రూపాయలు. యాభై ఎనిమిది దాకా మిగిలిన అయిదేళ్ళకు లెక్కేసినా నెలకు వెయ్యి రూపాయల పైచిలుకు. తక్కువేమీ కాదు, కానీ దీని కోసమే ఉద్యోగం కావాలంటే నేనే నమ్మను.

పోయేది వేరే చోట పోతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు అంబత్తూరు ఎస్టేట్ నీట మునిగినప్పుడు షాపుల్లో మోటార్లు, ప్యానెళ్ళు తడిసి ఉత్పత్తి ఆగింది. నేను అప్పుడు వెళుతున్న కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్ళకు జీతం ఇచ్చింది. నా ఇన్వాయిస్‌లో ఆ రోజులు లేవు. జ్వరం వచ్చినా అంతే, మా బావమరిది కొడుకు పెళ్ళికి పుత్తూరు వెళ్ళినా అంతే. పైగా రుసుములో పది శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోత పడుతుంది; అది రిటర్ను వేశాక తిరిగి వస్తుందనుకోండి, ఈలోగా చేతిలో ఉండదు. బ్యాంకుకు వెళితే జీతం చీటీ, ఫారం 16 అడుగుతారు. నా దగ్గర ఉన్నది ఫారం 16ఏ, జీతం కాని ఆదాయానికి ఇచ్చేది. ఆ ఒక్క అక్షరానికి అప్పు ఇచ్చే అధికారి ముఖం మారడం చూశాను.

అన్నింటికంటే బరువైనది ఆరోగ్య బీమా. నాకు షుగరు ఉంది. కంపెనీ గ్రూపు పాలసీలో చేరిన రోజు నుంచే దానికీ రక్షణ ఉండేది. బయటికి వచ్చి సొంతంగా పాలసీ తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. కంపెనీకి ప్రీమియంలో చిన్న గీతగా కనిపించేది, యాభై మూడేళ్ళ మనిషికి ఇంట్లో రాత్రిపూట మాట్లాడుకునే విషయం అవుతుంది. నేను కోరుతున్న పూర్తికాల ఉద్యోగంలో జీతం కంటే, ఆ జీతం ఆగని రోజులకే విలువ ఎక్కువ.

కుర్రవాళ్ళకు చోటివ్వాలి కదా?

గ్రూపులో ఇంకో మిత్రుడు ఈ మాట అన్నాడు. దీన్ని తేలిగ్గా కొట్టివేయలేను. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు నేను బడిపిల్లవాణ్ణి. మా వీధిలో ఒక మాస్టారు ఉన్నపళంగా రిటైరయ్యారు. ఆయన ఇంట్లో ఏడుపులు, ఎదురింట్లో బీఎడ్ చేసి ఖాళీగా ఉన్న అబ్బాయి ఇంట్లో ఆశలు, రెండూ ఒకే వారంలో చూశాను. ఆ నిర్ణయం మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1985 తీర్పులో కోర్టు దాన్ని తప్పుపట్టలేదు. వయసు మళ్ళీ 58కి వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 62. నిరుద్యోగ యువత ఉన్న దేశంలో పెద్దవాళ్ళు కుర్చీలు పట్టుకుని కూర్చోవడం అన్యాయమన్న భావన ఆనాడు ఎంత బలంగా ఉందో ఈనాడూ అంతే ఉంది.

ప్రభుత్వ పోస్టుకు మంజూరైన కుర్చీ ఒకటుంటుంది. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవచ్చు. నా కుర్చీ సంగతి అలా జరగలేదు. నేను వదిలిన పనిని మూడు ముక్కలు చేశారు. కాగితాల పని ఇద్దరు అప్రెంటిస్‌లకు వెళ్ళింది, ఆడిట్ పని బయటి కన్సల్టెంటుకు వెళ్ళింది, మిగిలింది ఉత్పత్తి మేనేజరు నెత్తిన పడింది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషే గానీ కార్మికుడు కాడు; కార్మిక చట్టాలు అతనికి వర్తించవు, పీఎఫ్ ఉండదు. 2016లో వచ్చిన జాతీయ ప్రోత్సాహక పథకం కింద అతని స్టైపెండులో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రమే భరిస్తుంది. శిక్షణ నిజంగా ఇస్తే ఇది మంచి పథకం. 0.12 రాస్తూ కూర్చున్న ఆ కుర్రవాడు కూడా అప్రెంటిసే. ఏడాది అయ్యాక అతన్ని పంపి ఇంకొకరిని తెచ్చుకుంటారు.

అంటే నేను లేచిన చోట ఏ యువకుడూ కూర్చోలేదు. ఆ కుర్చీనే తీసేశారు. ఇరవై రెండేళ్ళ అతనికీ యాభై మూడేళ్ళ నాకూ ఆ షాపులో ఒకే హోదా ఉంది: ఇద్దరమూ గేటు రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళతాం, ఇద్దరి పేర్లూ జీతాల పట్టీలో ఉండవు. అతనికి నేర్పడానికి నేను, నా తర్వాత చూసుకోవడానికి అతను ఉండవలసిన చోట, ఇద్దరమూ బయటివాళ్ళం. ఎవరి చోటు ఎవరు తిన్నట్టు?

నన్ను నేను అడిగే ప్రశ్నలు

మా వయసువాళ్ళ వైపు తప్పులేమీ లేవని నేననను. కొందరం కొత్త గణాంక సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోమంటే చేతులు కట్టుకుంటాం. ముప్పయ్యైదేళ్ళ మేనేజరు ఏదైనా చెబితే, "మా రోజుల్లో" అని మొదలుపెట్టేవాళ్ళను నేను భరించలేకపోయిన సందర్భాలున్నాయి. అలాంటివాణ్ణి తన కింద పెట్టుకోవడానికి ఒక కుర్ర మేనేజరు జంకితే అది వివక్ష అనలేను. అయితే అది ఆ మనిషిని పరీక్షించి తేల్చవలసిన విషయం. పుట్టిన సంవత్సరం చూసి దరఖాస్తును పక్కన పెట్టడానికి అది సాకు కాకూడదు.

ఇంకో చిక్కు ఉంది, చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో రిటైరై, పింఛను, వైద్య సదుపాయం రెండూ ఉన్నవాళ్ళు కాలక్షేపానికి కన్సల్టెంట్లుగా వస్తారు. వాళ్ళకు డబ్బు ముఖ్యం కాదు, ఎంతిచ్చినా సరేనంటారు. మంచివాళ్ళు, విషయం తెలిసినవాళ్ళు. వాళ్ళు తీసుకునే రుసుమే బజారు ధర అయి, ఇంకా పిల్లల చదువు ఫీజులు కడుతున్న నాలాంటివాడికి అదే అంటగడతారు. వాళ్ళను రావద్దనే హక్కు నాకు లేదు. కానీ "పెద్ద వయసులో స్వేచ్ఛగా, ఇష్టమైనప్పుడు పని" అంటూ పత్రికల్లో వచ్చే ఫొటోలన్నీ వాళ్ళవేనని గమనించాను.

పెద్ద వయసులో పూర్తికాల ఉద్యోగం బొత్తిగా దొరకదనడం కూడా నిజం కాదు. నాతో టూల్ రూములో పని చేసిన ఒక మిల్లింగ్ ఆపరేటరు, డై పలకను వెంట్రుకవాసి తేడా లేకుండా కోసే మనిషి, ఇప్పుడు మొగప్పేరులో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ. పన్నెండు గంటల షిఫ్టు, నీలం చొక్కా, ఈల. ఏజెన్సీవాళ్ళు ఆయన వయసు అడగనే లేదట. "అన్నా, పీఎఫ్ మాత్రం కడుతున్నారు" అని కొంచెం గర్వంగానే చెప్పాడు. నైపుణ్యం అక్కరలేని చోట వయసు అడ్డు రావడం లేదంటే, కొత్త నైపుణ్యాలు నేర్చుకోమనే మిత్రుడు దీనికేమంటాడో వినాలని ఉంది.

చట్టం, ఆడిటరు

అమెరికాలో నలభై దాటినవాళ్ళపై ఉద్యోగాల్లో వయసు వివక్షను నిషేధిస్తూ 1967లోనే చట్టం చేశారు. మన దగ్గర నియామకాల్లో స్త్రీలపై వివక్ష కూడదని 1976లో, హెచ్ఐవీ ఉన్నవాళ్ళపై కూడదని 2017లో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులపై కూడదని 2019లో చట్టాలు వచ్చాయి. ప్రైవేటు కంపెనీల్లో వయసు గురించి అలాంటి చట్టమేదీ లేదు. 2021 అక్టోబరులో కేంద్రం పెద్దవాళ్ళకు ఉద్యోగాలు వెతికిపెట్టే సేక్రెడ్ అనే పోర్టల్ తెరిచింది గానీ అది అరవై దాటినవాళ్ళకు. దాన్ని అందుకోవాలంటే నేను ఇంకా ఏడేళ్ళు ఆగాలి.

వివక్షను నిషేధించే చట్టం వచ్చినా నాకు పెద్ద ఆశ లేదు. వయసు కారణమని ఎవరూ కాగితం మీద రాయరు. రుజువు చేయడం నా వల్ల కాదు. అంతకంటే పనికొచ్చేది, ఉద్యోగానికీ కన్సల్టెన్సీకీ మధ్య ఉన్న గోడను కొంచెం తగ్గించడం. ఒకే కంపెనీ ఆవరణలో, దాని వేళల ప్రకారం, దాని మేనేజరు చెప్పినట్టు పని చేసే మనిషికి ఇచ్చేది రుసుము అన్నా జీతం అన్నా బీమా, సెలవులు, పీఎఫ్ వర్తించాలి. అప్పుడు మనిషిని ముక్కలుగా కొనుక్కోవడంలో ఇప్పుడున్నంత లాభం ఉండదు. దీనివల్ల కొందరు నన్ను ఆ పదిహేను రోజులకు కూడా పిలవకుండా పోతారేమోనన్న భయం నాకుంది. ఆ భయం ఉన్నంత కాలం మేమెవరమూ గట్టిగా అడగమని కూడా తెలుసు.

ఈలోగా ఉన్న చట్టంలోనే ఒక సందు కనిపించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి అయిదేళ్ళ బదులు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు ఇచ్చింది. కోయంబత్తూరు యజమానికి పొమ్మని చెప్పడానికే కదా నోరు రానిది? రెండేళ్ళ గడువుతో నియామక పత్రం ఇస్తే, గడువు తీరిన రోజు ఎవరూ ఎవరికీ పొమ్మని చెప్పనక్కరలేదు. ఆ రెండేళ్ళు నా పేరు జీతాల పట్టీలో, గ్రూపు బీమాలో ఉంటుంది. ఆ అప్రెంటిస్ కుర్రవాడికి పట్టీ ఎందుకు నింపాలో నేర్పడానికి నాకు సమయమూ ఉంటుంది. రోజుకు ఇప్పుడిచ్చే దానికంటే తక్కువ తీసుకోవడానికి సిద్ధమని కూడా రాసి పంపాను.

చదివాడు. బాగానే ఉంది గానీ ఏడాదికే గ్రాట్యుటీ అంటే తన లెక్కలు చూసే ఆడిటరు ఒప్పుకుంటాడో లేదో అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. వచ్చే నెలలో కస్టమరు ఆడిట్ ఉందని, తేదీలు ఖాళీగా ఉంచుకోమని మాత్రం నిన్న మెసేజ్ పెట్టాడు.